సెంటీమీటరుకు ఒక నెల: కాళ్లు పొడిగించే ఆపరేషన్, కోలుకునే కాలం, గోప్యత

తెలుగువారి ఎత్తు గురించి ఆలోచించేవారికి హైదరాబాదులోని తార్నాక రెండు విధాలుగా ముఖ్యమైన చోటు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడే ఉంది. ఈ దేశంలో ఎవరు ఏం తింటున్నారు, పిల్లలు ఎంత పెరుగుతున్నారు అన్న లెక్కల్లో చాలాభాగం ఆ ప్రాంగణం నుంచే వెలువడింది. దానికి కూతవేటు దూరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది; పోలీసు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న యువతీయువకులు తెల్లవారకముందే అక్కడి మైదానాల్లో పరుగు సాధన చేస్తుంటారు. తెలంగాణ పోలీసు నియామకాల్లో సాధారణంగా పురుషులకు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5 సెంటీమీటర్ల కనీస ఎత్తు ఉండాలి కనుక, వేల మందికి ఎత్తు ఒక అంకెగా, ఆ అంకె భవిష్యత్తుగా మారిపోయిన చోటు కూడా ఇదే.

ఎదుగుదల ఆగిపోయిన తరువాత ఎత్తును నిజంగా పెంచగలిగే మార్గం వైద్యంలో ఒక్కటే ఉంది. అది కాళ్ల ఎముకలను కోసి, నెలల తరబడి మెల్లమెల్లగా సాగదీసే శస్త్రచికిత్స. దీన్ని చేయించుకునేవారిలో చాలామంది ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని కోరుకుంటారు. ఆ కోరికలో తప్పు లేదు, చట్టమూ దానికి అండగానే ఉంది. అయితే ఆపరేషన్‌ను గుట్టుగా చేయించుకోవడం సాధ్యమేగాని, ఆ తరువాతి నెలలను ఒంటరిగా గడపడం సాధ్యం కాదు. ఈ తేడాను ముందుగా గుర్తించకపోవడం వల్ల వచ్చే చిక్కులను హైదరాబాదు నగరం ఒకసారి చూసింది కూడా.

ఎత్తుకు ఇంత గిరాకీ ఎందుకు

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని సామెత చెబుతున్నా, పెళ్లి సంబంధాల బయోడేటాలో బుద్ధులకు గడి ఉండదు, ఎత్తుకు ఉంటుంది. బడిలో వరుసలో నిలబెట్టినప్పుడు మొదలయ్యే వెక్కిరింపు కాలేజీలో మారుపేరుగా స్థిరపడి, ఉద్యోగ నియామకాల్లో అనర్హతగా తేలేసరికి, కొందరికి అది మనసులో పాతుకుపోయిన బాధ అవుతుంది. 2022 డిసెంబరులో మహబూబ్‌నగర్‌లో జరిగిన పోలీసు దేహదారుఢ్య పరీక్షల్లో ఒక అభ్యర్థిని జుట్టు కింద మైనం ముద్ద అంటించుకొని వచ్చి, ఎత్తు కొలిచే ఎలక్ట్రానిక్ యంత్రం దగ్గర దొరికిపోవడం పత్రికల్లో వార్తగా నవ్వు పుట్టించింది గాని, దాని వెనుక ఉన్న ఆరాటం నవ్వులాట కాదు.

ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి పొరలు పెరిగినంతకాలమే మనిషి పొడవు పెరుగుతాడు. ఎదుగుదల ఫలకాలనే ఈ పొరలు అమ్మాయిల్లో సుమారు 14 నుంచి 16 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 16 నుంచి 18 ఏళ్ల మధ్య గట్టిపడి మూసుకుపోతాయి. ఆ తరువాత ఏ పొడి తిన్నా, ఏ కడ్డీకి వేలాడినా ఎముక పొడవు పెరగదు. మనిషి ఎత్తును పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాయోపాయాల ప్రకటనల నిరోధక చట్టం నిషేధించినా, అలాంటి ప్రకటనలు ఆగలేదు. బాల్యంలో అందిన పోషణ, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు కలిసి నిర్ణయించిన కొలతను పెద్దయ్యాక మార్చాలంటే కత్తి పట్టక తప్పదు.

ఎముక ఎలా సాగుతుంది

ఈ విద్య అందం కోసం పుట్టలేదు. సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో గవ్రీల్ ఇలిజారోవ్ అనే వైద్యుడు 1950ల మొదట్లో, విరిగి అతకని ఎముకలను నిలబెట్టడానికి కాలి చుట్టూ లోహపు రింగులు అమర్చి, వాటి నుంచి సన్నని తీగలను ఎముకలోకి దించే పరికరాన్ని రూపొందించాడు. ఎముకను జాగ్రత్తగా కోసి, రెండు ముక్కలను చాలా నెమ్మదిగా ఎడం చేస్తూ పోతే, మధ్యనున్న ఖాళీలో శరీరం తనంతట తానే కొత్త ఎముకను అల్లుకుంటుందని ఆయన గమనించాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత వలేరీ బ్రూమెల్ మరుసటి ఏడాది మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయి, ఎన్నో ఆపరేషన్లు విఫలమైన తరువాత ఇలిజారోవ్ దగ్గర నడక తిరిగి సంపాదించుకోవడంతో సోవియట్ దేశంలో ఈ పద్ధతికి పేరు వచ్చింది. 1980ల్లో అది ఇటలీ మీదుగా ప్రపంచమంతటికీ పాకింది.

ఒక కాలు పొట్టిగా పుట్టిన పిల్లలకు, పోలియో సోకినవారికి, ప్రమాదాల్లో ఎముక ముక్కలు పోగొట్టుకున్నవారికి, వంకర తిరిగిన కాళ్లకు ఇది వరమైంది. ఎముకల వైకల్యం తెలంగాణకు కొత్త కాదు: ఫ్లోరైడ్ నీటి ప్రాంతాల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న తీరును జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే వైద్య ప్రపంచం దృష్టికి తెచ్చారు. అలాంటి కాళ్లను సరిచేయడానికి పుట్టిన పద్ధతినే, ఏ లోపమూ లేని రెండు కాళ్లను సమానంగా పొడిగించడానికి వాడటం తరువాతి పరిణామం. చైనా ప్రభుత్వం 2006లో కేవలం ఎత్తు కోసం చేసే ఈ శస్త్రచికిత్సను నిషేధించింది. మన దేశంలో అలాంటి ప్రత్యేక నిషేధం లేదు.

ఆపరేషన్‌లో తొడ ఎముకనో మోకాలి కింది ఎముకనో, దానిపైనున్న పల్చటి పొర చెడకుండా కోస్తారు. ఆ పొర, ఎముక లోపలి మూలుగ, చుట్టూ ఉన్న రక్తనాళాలే కొత్త ఎముకకు ముడిసరుకు. తరువాత అయిదు నుంచి ఏడు రోజులు ఏమీ కదపరు. ఆ విరామం ముగిశాక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం పెంచుతారు. రింగుల పద్ధతిలో మరచుట్టు ఉన్న కడ్డీకి ఒక పూర్తి తిప్పు తిప్పితే ఒక మిల్లీమీటరు జరుగుతుంది కనుక, రోగి గాని, ఇంట్లోవారు గాని చిన్న స్పానర్‌తో రోజుకు నాలుగుసార్లు పావు తిప్పు చొప్పున బిగిస్తారు. ఒకేసారి మిల్లీమీటరు లాగడం కంటే పావు పావుగా లాగితే కణజాలం బాగా ఎదుగుతుందన్నది ఇలిజారోవ్ ప్రయోగాల్లో తేలిన విషయం. ఎముక లోపలే అమర్చే అయస్కాంత రాడ్డు 2011లో అమెరికాలో అనుమతి పొందాక, కాలిపై పెట్టే చిన్న యంత్రంతో బయటి నుంచే దాన్ని పొడిగించే వీలు కలిగింది. అదే కోవకు చెందిన, ఎక్కువ బరువు మోస్తుందని చెప్పిన ఒక కొత్త రకం రాడ్డును, దాని లోహానికి తుప్పు పట్టడం వంటి సమస్యల వల్ల 2021లో మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నారు. పరికరం ఎంత నునుపుగా ఉన్నా శరీరం పని శరీరమే చేయాలి.

అసలు పని ఆపరేషన్ తరువాతే

అయిదు సెంటీమీటర్లు పెంచాలంటే సాగదీయడానికే దాదాపు యాభై రోజులు పడుతుంది. ఖాళీలో ఏర్పడే కొత్త ఎముక మొదట జున్నులా మెత్తగా ఉండి, ఎక్స్‌రేలో మబ్బు తునకలా మసకగా కనిపిస్తుంది. అది గట్టిపడటానికి సాగదీసిన కాలానికి రెండు మూడు రెట్లు వేచి ఉండాలి. మొత్తం మీద సెంటీమీటరుకు ఒకటి నుంచి ఒకటిన్నర నెల అని వైద్యులు వేసే లెక్కకు కారణం ఇదే. ముందు నుంచి, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేల్లో ఎముకకు నాలుగు గోడలు కనిపిస్తాయి. వాటిలో కనీసం మూడు పూర్తిగా అల్లుకుంటేగాని పూర్తి బరువు మోపనివ్వరు. పరుగు, ఆటలు అంటే ఏడాది మాట. లోపల వేసిన రాడ్డును ఆ తరువాత మరో ఆపరేషన్‌తో తీసివేయాలి.

ఎముక సాగినంత సులువుగా కండరాలు సాగవు. పిక్క కండరం, మడమ వెనుక స్నాయువు బిగిసి పాదం కిందికి వంగిపోవడం, మోకాలు ముడుచుకుపోవడం ఈ చికిత్సలో అతి సామాన్యమైన సమస్యలు. అందుకే ఫిజియోథెరపీ రోజుకు ఒకటి రెండు గంటలతో సరిపోక, పగలంతా విడతలు విడతలుగా సాగుతుంది. రాత్రి పాదాన్ని నిటారుగా ఉంచే కట్టు వేసుకొని పడుకోవాలి. లాగుడు వల్ల వచ్చే నొప్పి రాత్రుళ్లు ఎక్కువై నిద్ర పట్టదు. మందుల షాపులో సొంతంగా నొప్పి మాత్రలు కొని మింగితే, వాటిలో కొన్ని ఎముక అల్లికను మందగింపజేయవచ్చు కనుక, సర్జన్‌ను అడగకుండా ఏదీ వేసుకోకూడదు. పొగ తాగడం ఎముకకు చేసే చెరుపు ఇంకా పెద్దది.

బయటి రింగులు ఉన్నవారికి తీగలు చర్మంలోకి దిగే చోట రోజూ శుభ్రపరచడం ఒక నిత్యకృత్యం. ఉడికించి చల్లార్చిన నీటితోనో, డాక్టరు చెప్పిన ద్రావణంతోనో ప్రతి రంధ్రం చుట్టూ విడిగా ఒక గాజుగుడ్డ ముక్కతో తుడవాలి. ఒకదానికి వాడిన ముక్కను మరోదానికి వాడకూడదు. కొద్దిపాటి ఎరుపు, కొద్దిపాటి రసి చాలామందిలో కనిపిస్తాయి. చీము, జ్వరం, తీగ వదులు కావడం మాత్రం ఆలస్యం చేయకూడని సంకేతాలు. బొటనవేలు పైకి లేవకపోవడం, పాదం పైభాగం తిమ్మిరెక్కడం నరం నలుగుతున్నదనడానికి గుర్తు. అలా కనిపిస్తే తిప్పడం ఆపి వెంటనే సర్జన్‌కు చెప్పాలి. పిక్క వాచి నొప్పి పుట్టడం, హఠాత్తుగా ఆయాసం రావడం రక్తం గడ్డకట్టిందనడానికి గుర్తు కావచ్చు. అప్పుడు ఆసుపత్రికి పరుగు తీయాల్సింది రోగి కాదు, పక్కనున్న మనిషి.

తిండి సంగతి తార్నాక సంస్థ లెక్కల్లోనే ఉంది. 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అవసరం. ఇవి ఆరోగ్యవంతులకు చెప్పిన కొలతలు; ఎముక కట్టుకుంటున్న వ్యక్తికి ఎంత పెంచాలో వైద్యుడు చెబుతాడు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనుక రాగిజావ, పెరుగు, గుడ్డు, పప్పు, నువ్వుల ఉండ వంటి మామూలు వంటింటి సరుకులతోనే చాలావరకు నెట్టుకురావచ్చు. మెస్‌లో పల్చటి సాంబారుతో పూట గడుపుకునే విద్యార్థికి అది కూడా తేలిక కాదు.

గుట్టు రట్టయిన 2016

2016 ఏప్రిల్‌లో ఇరవైల్లో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంట్లో చెప్పకుండా హైదరాబాదులోని ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేరి ఎత్తు పెంచుకునే ఆపరేషన్ చేయించుకున్నాడు. తల్లిదండ్రులకు విషయం ఆ తరువాతే తెలిసింది. మంచం మీదున్న కొడుకును చూసి వారు ఆసుపత్రిని నిలదీయడం, ఫిర్యాదులు, టీవీ చర్చలు వరుసగా జరిగిపోయాయి. విచారణ జరిపిన తెలంగాణ వైద్య మండలి ఆపరేషన్ చేసిన వైద్యుడి రిజిస్ట్రేషన్‌ను రెండేళ్లపాటు సస్పెండ్ చేసింది.

వైద్యుడి తప్పొప్పుల మాట అటుంచితే, ఆ ఉదంతం గోప్యత గురించి నేర్పే పాఠం వేరే ఉంది. ఆ యువకుడు మేజర్. తన శరీరంపై నిర్ణయం తీసుకునే హక్కు అతనికి ఉంది. కాని నెలల తరబడి మంచం, వాకర్ తప్పని చికిత్సకు ఇంటి మనుషుల్లో ఒక్కరికైనా ముందు చెప్పకపోవడం వల్ల, దాచాలనుకున్న విషయమే రాష్ట్రమంతటా మారుమోగింది. అతని పేరు, అతని ఎత్తు, అతని కాళ్లు అందరి నోళ్లలో నానాయి. తెలియాల్సిన ఇద్దరికి తెలియకపోతే, తెలియనక్కరలేని లక్ష మందికి తెలుస్తుందని ఆ ఉదంతం నిరూపించింది.

చట్టం ఏమంటుంది

18 ఏళ్లు నిండినవారి ఆపరేషన్‌కు వారి సొంత అంగీకారం చాలు. 2002 నాటి వైద్య వృత్తి నైతిక నియమావళి ప్రకారం మైనర్ల విషయంలోనే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతి కావాలి. అయితే సమ్మతి అంటే కాగితం మీద సంతకం మాత్రమే కాదు. చికిత్స స్వభావం, లాభాలు, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిపిన తరువాత ఇచ్చినదే నిజమైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. ఎత్తు కోసం వచ్చిన వ్యక్తి మనసు ఏ స్థితిలో ఉందో, తన శరీరంలో లేని లోపాన్ని అదే పనిగా చూసుకునే మానసిక సమస్య ఏదైనా ఉందేమో ముందుగా నిపుణుడితో పరీక్ష చేయించడం ఈ ప్రక్రియలో భాగం కావాలి.

రోగి రహస్యాలను వైద్యుడు బయటపెట్టకూడదన్నది అదే నియమావళిలోని నియమం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడంతో దానికి మరింత బలం చేకూరింది. మేజర్ అయిన రోగి వద్దంటే అతని తల్లిదండ్రులకైనా వివరాలు చెప్పే స్వేచ్ఛ మామూలుగా వైద్యుడికి ఉండదు. కాని ఈ హక్కు అబద్ధపు కాగితాలకు రక్షణ కాదు: తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం వైద్యుడి పక్షాన దుష్ప్రవర్తన. అందం కోసం చేసే శస్త్రచికిత్సలకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు కనుక, దాన్ని ప్రమాదంగా చూపి డబ్బు రాబట్టాలని చూస్తే పాలసీకే ముప్పు.

ఎవరికి ఎంత చెప్పాలి

తార్నాక వీధుల్లో అద్దె గదుల్లో ఉంటూ ఉస్మానియాలో చదువుకునే విద్యార్థి ఈ చికిత్సకు సిద్ధపడ్డాడనుకుంటే, అతని ముందున్న ప్రశ్నలు చాలా మామూలువి. లిఫ్టు లేని మూడో అంతస్తు గదికి రెండు కాళ్లూ కోసిన మనిషి ఎలా ఎక్కుతాడు? కింద కూర్చునే మరుగుదొడ్డి నెలల తరబడి పనికిరాదు. కమోడ్ ఉన్న గదో, కమోడ్ కుర్చీయో చూసుకోవాలి. నేలమీద బాసింపట్టు వేసుకొని భోజనం చేయడం, సిటీ బస్సు మెట్టెక్కడం, ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కి తరగతికి పోవడం అన్నీ వాయిదా పడతాయి. తార్నాక మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉన్నా, అక్కడి నుంచి విశాలమైన క్యాంపస్ లోపలికి వాకర్‌తో నడవలేరు. కనుక సాగదీసే కాలమంతా కింది అంతస్తులో, ఫిజియోథెరపిస్టు వచ్చిపోగల చోట, ఒక మనిషి తోడుతో ఉండేలా ఏర్పాటు చేసుకున్నాకే ఆపరేషన్ తేదీ గురించి ఆలోచించాలి.

ఆ తోడుండే మనిషికి మొత్తం తెలియాలి. మందుల చీటీ, సర్జన్ నంబరు, ప్రమాద సంకేతాలు, రోజుకు ఎన్ని తిప్పులు తిప్పారో రాసుకున్న పుస్తకం ఆ వ్యక్తి చేతిలో ఉండాలి. విశ్వవిద్యాలయానికో, ఆఫీసుకో తెలియాల్సింది మాత్రం సెలవు ఎన్నాళ్లు, తిరిగి వచ్చాక ఏ సౌకర్యం కావాలి అన్నంతవరకే. కాళ్ల ఎముకలకు ఆపరేషన్ జరిగింది, ఇన్ని నెలలు నడవకూడదు అని వైద్యుడు రాసిస్తే అది పూర్తిగా నిజం, సెలవుకు సరిపోయే నిజం. పరామర్శకు పళ్లు పట్టుకొని వచ్చే బంధువులకూ ఆ మాటే చాలు. యాక్సిడెంటు అయిందని చెబితే ఎక్కడ, ఏ బండి, పోలీసు కేసు పెట్టారా అని ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఒక అబద్ధానికి పది అబద్ధాలు కాపలా కాయాలి.

కొందరి దగ్గర ఎన్నటికీ దాచకూడదు. ఏ కారణంగా ఆసుపత్రికి వెళ్లినా ఎముకలో రాడ్డు ఉందని చెప్పాలి. అయస్కాంత రాడ్డు ఉన్నవారు ఎంఆర్‌ఐ గదిలోకి అడుగుపెట్టేముందు తప్పక చెప్పాలి. పోలీసు ఉద్యోగం కోసమే దీనికి సిద్ధపడేవారు మరొకటి గమనించాలి. ఆ పరీక్షల్లో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు ఉంటుంది. ఆపై వైద్య పరీక్షలో కాళ్ల లోపాలను ప్రత్యేకంగా చూస్తారు. ఎత్తు గీత దాటించిన కాలే పరుగులోనో, వైద్యుడి ముందో అభ్యర్థిని వెనక్కి పంపవచ్చు. పెళ్లి విషయంలో మాత్రం ఒక్క భయం అనవసరం: సాగదీసిన ఎముక పిల్లలకు రాదు, వారి ఎత్తు జన్యువులను బట్టి, వారు తినే తిండిని బట్టి ఉంటుంది.

నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉండటంతో దిగులు కమ్ముకోవడం సహజం. అలాంటప్పుడు ఎవరికీ తెలియని గుట్టు ఉన్నవారికి మాట్లాడే మనిషి కూడా ఉండడు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి మనసు విప్పుకోవచ్చు.

ఎత్తు పెంచుకోవాలా వద్దా అన్నది ఆ వ్యక్తి నిర్ణయం. దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. ఎవరికి చెప్పాలన్నది కూడా అతని నిర్ణయమే. అయితే అర్ధరాత్రి పాదం తిమ్మిరెక్కితే పిలవడానికి ఒక్క పేరైనా సర్జన్ ముందు చెప్పలేని వ్యక్తి ఆపరేషన్‌కు ఇంకా సిద్ధంగా లేడనే భావించాలి. ఆ పేరు లేకుండా ఆపరేషన్ తేదీ ఖరారు చేయకపోవడం వైద్యుడి బాధ్యత.